చొక్కా జేబులో ఐఫోన్ 13 మినీ: మూడేళ్ళ తర్వాత

సైటులో పని చేసే ఇంజనీరుకు రెండు చేతులూ ఒకేసారి ఖాళీగా ఉండటం అరుదు. ఒక చేతిలో నిచ్చెన ఉంటుంది, లేదా టేపు కొస ఉంటుంది, లేదా పదకొండు గంటల టీ గ్లాసు ఉంటుంది. మిగిలిన ఒక్క చేత్తోనే ఫోను తియ్యాలి, తెరవాలి, ఫొటో తియ్యాలి, మళ్ళీ జేబులో వెయ్యాలి. 2022 దసరాకు ఐఫోన్ 13 మినీ కొన్నప్పుడు నా మనసులో ఉన్న లెక్క ఇదొక్కటే. కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్ళో, ప్రాసెసర్ ఏదో ఇంటికి వచ్చాక చదువుకున్నాను. దుకాణంలో దాన్ని చేతిలోకి తీసుకుని, బొటనవేలిని అవతలి పక్క పై మూలకు చాచి చూశాను. అందింది. డబ్బు కట్టేశాను.

అప్పటికే ఆ ఫోనుకు రోజులు దగ్గర పడ్డాయి. ఆపిల్ 2020లో 12 మినీ, మరుసటి ఏడు 13 మినీ తెచ్చింది. 2022 సెప్టెంబరులో వచ్చిన 14 వరుసలో మినీ లేదు. ఆ కుర్చీలో 6.7 అంగుళాల ప్లస్ వచ్చి కూర్చుంది. మన దేశంలో 69,900 రూపాయలతో మొదలైన 13 మినీ ధర అప్పటికి కాస్త దిగింది. "సార్, ఇంకొంచెం వేసుకుంటే పెద్దది వస్తుంది" అని దుకాణంలో కుర్రవాడు మూడుసార్లు చెప్పాడు. నాకు అక్కరలేని సైజుకు నేనెందుకు ఎక్కువ ఇవ్వాలో నాకు అర్థం కాలేదు. ఇంత సులువైన బేరం నాకెందుకు ఎక్కడం లేదో అతనికీ అర్థం కాలేదు. మరుసటి సెప్టెంబరులో 15 వరుస రాగానే 13 మినీని కూడా అమ్మకాల జాబితాలోంచి తీసేశారు. అలా నా జేబులో ఉన్నవాడు ఆ వంశంలో ఆఖరివాడయ్యాడు.

కొలతలు చెప్పకుండా ఉండలేను, వృత్తిరోగం. పొడవు 131.5 మిల్లీమీటర్లు, వెడల్పు 64.2, మందం 7.65, బరువు ఇంచుమించు 140 గ్రాములు. పక్కన పెట్టి చూడటానికి, ఐఫోన్ 16 ప్రో మాక్స్ వెడల్పు 77.6 మిల్లీమీటర్లు, బరువు 227 గ్రాములు. వెడల్పులో తేడా పదమూడు మిల్లీమీటర్లు, అంటే గోడ లోపలి ప్లాస్టరింగు మందమంత. అంతేనా అనిపిస్తుంది. కానీ అరచేయి ఒక ఫోనును పట్టుకోవటానికీ మోయటానికీ ఉన్న తేడా సరిగ్గా ఆ ప్లాస్టరింగు మందంలోనే ఉంది.

అంగుళాల లెక్కలో ఒక మాయ కూడా ఉంది. ప్రకటనల్లో చెప్పే అంగుళాలు తెర కర్ణానివి, అంటే ఒక మూల నుంచి ఎదుటి మూలకు కొలిచినవి. చేతికి తెలిసేది వెడల్పు. 2011లో శామ్‌సంగ్ మొదటి గెలాక్సీ నోట్ తెచ్చినప్పుడు 5.3 అంగుళాల తెర చూసి ఇది ఫోనా పలకా అని నవ్వినవాళ్ళున్నారు. నా మినీ తెర 5.4 అంగుళాలు. కాగితం మీద నాదే పెద్దది! కానీ నోట్ తెర వెడల్పైనది, నాది సన్నగా పొడవైనది. వైశాల్యం కడితే నోట్‌కు ఇంచుమించు 81 చదరపు సెంటీమీటర్లు, నాకు 71 వస్తాయి. ఫోను వెడల్పు చూస్తే నోట్ 83 మిల్లీమీటర్లు. కర్ణం చెప్పి స్థలం అమ్మేవాడి దగ్గర మనం గజం కూడా కొనం, ఫోను మాత్రం కొంటాం.

ఇక వాడకం. స్లాబు వేసే ముందు రోజు సాయంత్రం మాకు పరీక్ష రోజు లాంటిది. ఇనుము కట్టడం సరిగ్గా ఉందా, ఇనుము అడుగున ఆనకుండా ఎత్తి ఉంచే కవర్ బ్లాకులు పెట్టారా, రింగుల ఎడం డ్రాయింగు ప్రకారం ఉందా, కరెంటు పైపులు బీములను ఎక్కడైనా కొట్టేశాయా అని చూసుకుంటూ, చూసిన ప్రతిచోటా ఫొటో తీసి పెట్టుకోవాలి. కాంక్రీటు పడ్డాక లోపల ఏముందో చెప్పే సాక్షి ఆ ఫొటోలే. నిచ్చెన మీద ఎడమ చేయి కడ్డీని పట్టుకుని ఉంటుంది, కుడి చేయి బీము పక్కగా చాచాలి, చూపుడువేలు ఫోను వెనక, చిటికెనవేలు అడుగున, బొటనవేలు బటను మీద. ఆ భంగిమలో పెద్ద ఫోను పట్టుకోమంటే నా వల్ల కాదు. ప్రయత్నించాను కూడా, మా ఆవిడ ఫోనుతో. రెండో ఫొటోకే మణికట్టు వణికింది. మినీతో మూడేళ్ళలో తీసిన సైటు ఫొటోలు పదకొండు వేలు దాటాయి. ఒక్కసారీ చేతిలోంచి జారలేదు.

మాతో పని చేసే ఒకాయన పెద్ద ఫోను చొక్కా జేబులోంచి మూడో వంతు బయటికి తల పెట్టి చూస్తుండేది. ఒకరోజు కాలమ్ బాక్సులోకి, అంటే స్తంభం పొయ్యటానికి బిగించిన పలకల పెట్టెలోకి, వంగి చూస్తుంటే అది నేరుగా లోపలికి దిగిపోయింది. పది అడుగుల లోతు, చుట్టూ ఇనుము, చెయ్యి పట్టే సందు లేదు. ఫోను మోగుతోంది, చేసింది వాళ్ళావిడే. కాంక్రీటు లారీ గేటు దగ్గర నిలబడి ఉంటే, బిగించిన షట్టరింగు పలకను మళ్ళీ విప్పి ఫోనును బయటికి తీశారు. ఆ రోజు తర్వాత నా బొమ్మ ఫోను గురించి సైటులో ఎవరూ జోకు వెయ్యలేదు, కనీసం ఒక నెల దాకా.

ఈ మూడేళ్ళలో నాకు అర్థమైంది ఇది: చిన్న ఫోను నిలబడి వాడేవాళ్ళది, పెద్ద ఫోను కూర్చుని వాడేవాళ్ళది. బస్సులో ఒక చేత్తో కమ్మీ పట్టుకున్నవాళ్ళు, కూరగాయల సంచీతో క్యూలో ఉన్నవాళ్ళు, చంటిపిల్లను భుజాన వేసుకున్న తల్లి, వీళ్ళంతా నిలబడి వాడేవాళ్ళు. కానీ వీళ్ళలో ఎవరూ రోజంతా నిలబడి ఉండరు. సాయంత్రానికి కూర్చుంటారు, రాత్రికి పడుకుంటారు. ఫోను కొనేటప్పుడు అందరికీ గుర్తొచ్చేది ఆ సాయంత్రమే.

అది తప్పని నేను అనను. మా సైటులో ఒడిశా, బీహారుల నుంచి వచ్చిన కుర్రవాళ్ళు రేకుల షెడ్డుల్లో ఉంటారు. రాత్రి వంట అయ్యాక ఒక ఫోనును ఇటుకకు ఆనించి నలుగురు చుట్టూ చేరి సినిమా చూస్తారు. ఆ ఇంటికి అదే టీవీ, అదే సినిమా హాలు, ఊళ్ళో ఉన్న పిల్లల ముఖాలు కనిపించే కిటికీ కూడా అదే. నా ఫోను ఖరీదు విని మొదట కళ్ళు పెద్దవి చేశారు, తర్వాత తెర చూసి జాలిపడ్డారు. చిన్న ఫోను కొనాలంటే ఇంట్లో వేరే తెర ఒకటి ఉండాలి. నాకు టీవీ ఉంది, ఆఫీసులో కంప్యూటర్ ఉంది, కాబట్టి ఫోను చిన్నదిగా ఉంటే బాగుంటుందని అనుకునే సుఖం నాకు దక్కింది.

ఇప్పుడు బ్యాటరీ. ఈ ఫోనును వెనకేసుకొచ్చేవాళ్ళమంతా ఇక్కడికి రాగానే గొంతు తగ్గిస్తాం. సామర్థ్యం 2,406 ఎంఏహెచ్. కొత్తగా ఉన్నప్పుడు ఆదివారాలు రాత్రి దాకా వచ్చేది. స్లాబు రోజుల్లో పొద్దున ఆరింటికి నూరు శాతంతో బయలుదేరితే మధ్యాహ్నం మూడున్నరకు ఇరవైకి దిగేది. దానికి నేను చేసుకున్న ఏర్పాటు బండి డిక్కీలో ఒక పవర్ బ్యాంకు. చిన్న ఫోను కొని ఇటుకంత పవర్ బ్యాంకు మోస్తున్నావా అని మా తమ్ముడు అన్న మాటకు ఇప్పటికీ నా దగ్గర సరైన జవాబు లేదు.

చిన్న ఫోనులో బ్యాటరీ అంత చిన్నదిగా ఎందుకుంటుందో మాత్రం మా భాషలో చెప్పగలను. నూరు గజాల స్థలంలో ఇల్లు కట్టినా మూడు వందల గజాల్లో కట్టినా మెట్లకు పట్టే చోటు అంతే, బాత్‌రూముకు పట్టే చోటూ ఇంచుమించు అంతే. అవన్నీ పోగా మిగిలిందే హాలు. ఫోనులో కెమెరాలు, చార్జింగు రంధ్రం, స్పీకరు, యాంటెన్నాలు, సిమ్ము అరలు మెట్లలాంటివి. ఫోను తగ్గినంతగా అవి తగ్గవు. మిగిలిన హాలే బ్యాటరీ. స్థలం పావు వంతు తగ్గితే హాలు సగానికి పడిపోతుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు, ప్లానే అంత.

రెండేళ్ళ ఎనిమిది నెలలకు బ్యాటరీ ఆరోగ్యం 79 శాతం చూపించింది. రోజూ ఒకటికి రెండుసార్లు చార్జింగు పెట్టే ఫోనుకు అది సహజమే. నేను చేసిన పొరపాటు తక్కువలో అవుతుందని దగ్గర్లో ఉన్న ఒక మరమ్మతు దుకాణంలో మార్పించటం. నాలుగు నెలలకే ఆ బ్యాటరీ ఉబ్బి తెర ఒక అంచున వెంట్రుకవాసి లేచింది. గోరు దూర్చి చూస్తే తెలిసింది. అసలు బ్యాటరీ వేయించుకునేసరికి మొదట మిగిలిందనుకున్న డబ్బుకు రెట్టింపు పోయింది. మీ దగ్గర పాత మినీ ఉంటే ఈ ఒక్క విషయంలో పిసినారితనం వద్దు.

తెర విషయంలో రెండు సంగతులు. ఎండలో ఫరవాలేదు, బెజవాడ మే నెల మధ్యాహ్నానికి మాత్రం ఏ ఫోనైనా వేడెక్కి తనంతట తానే మసకబారుతుంది, ఇదీ అంతే. రెండోది తెలుగు. ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో చదివితే కళ్ళు కాస్త ఇబ్బంది పడతాయి గానీ మాట తెలిసిపోతుంది. తెలుగుకు అక్షరం పైన గుడి ఉంది, కింద వత్తు ఉంది, ఆ వత్తు కింద ఇంకో వత్తు కూడా ఉండవచ్చు. 'రాష్ట్రం' అన్న మాట ఈ తెరమీద మామూలు సైజులో చదివితే 'ష' కింద చీమ ఒకటి వాలినట్టు ఉంటుంది. దకూ ధకూ మధ్య ఉన్న ఆ చిన్న గీత కోసం వెతుక్కోవాలి. అక్షరాల సైజు పెంచితే తెరమీద తొమ్మిది పంక్తులు మిగులుతాయి. కీబోర్డు తెరిస్తే నాలుగు. ఒక బ్యాంకు యాప్‌లో నయితే సైజు పెంచగానే 'చెల్లించండి' బటను కీబోర్డు వెనక్కి పోయి దాక్కుంటుంది, అక్కడ ఉందని తెలిసినవాడికే దొరుకుతుంది. ఆ యాప్ తయారుచేసినవాళ్ళెవరూ ఇంత చిన్న ఫోను చేతిలో పట్టుకుని చూసి ఉండరు.

డ్రాయింగుల జోలికి దీంతో వెళ్ళకూడదు. గోడంత కాగితం మీద గీసిన ప్లానును ఈ తెరమీద చూడటమంటే తాళం రంధ్రంలోంచి పెళ్ళి చూడటం. పోయిన వేసవిలో ఒక బీము దగ్గర నిలబడి, ఫోనులో డ్రాయింగును వేళ్ళతో పెద్దది చేసి చూసి, "రింగులు 180 ఎడంతో కట్టండి" అన్నాను. మా మేస్త్రి గారు ఇరవై ఏళ్ళుగా ఇనుము కడుతున్నారు. కట్టు కొక్కెం కింద పెట్టి నెమ్మదిగా అన్నారు:

"సార్, పొద్దున మీరే 130 అన్నారు. ఒకసారి కాగితం తీసి చూద్దామా?"

కాగితంలో 130. మూడును ఎనిమిదిగా చదివాను. ఎవరూ ఏమీ అనలేదు, నాకు మాత్రం చెవులు వేడెక్కాయి. తప్పు తెరదే అని ఆ రోజంతా నాకు నేను చెప్పుకున్నాను.

కంటి డాక్టరు వేరే మాట చెప్పారు. నాకు నలభై మూడు. "చత్వారం వచ్చింది, అంతే" అన్నారు, వయసు అడిగి నవ్వుతూ.

చిన్న ఫోనులకు ఏమైందని నేను చాలాకాలం కంపెనీల వైపే చూస్తూ వచ్చాను. సోనీ 2014 నుంచి కొన్నేళ్ళు 'కాంపాక్ట్' పేరుతో మంచి ఫోనులు చేసింది. 2018లో వచ్చిన ఎక్స్‌జెడ్2 కాంపాక్ట్‌తో ఆ పేరుకు తెరపడింది. ఏసుస్ 5.9 అంగుళాల జెన్‌ఫోన్‌లను 2021 నుంచి 2023 దాకా తెచ్చి, మరుసటి ఏడు అదే వరుసలో 6.78 అంగుళాల ఫోను దించింది. ఆపిల్‌లో చిన్నవాళ్ళకు పెద్దదిక్కుగా ఉన్న ఎస్‌ఈ 2025 ఫిబ్రవరిలో పోయి, 6.1 అంగుళాల 16ఈ వచ్చింది. పెబుల్ వాచీలు తయారుచేసిన ఎరిక్ మిగికోవ్‌స్కీ 2022లో చిన్న ఆండ్రాయిడ్ ఫోను కావాలంటూ ఇంటర్నెట్‌లో సంతకాలు సేకరించాడు. అలాంటి ఫోను ఇంకా దుకాణంలోకి రాలేదు. సంతకం పెట్టడం వేరు, డబ్బు కట్టడం వేరు. 12 మినీ వచ్చిన కొత్తలో అమెరికాలో అమ్ముడైన కొత్త ఐఫోన్లలో దాని వాటా ఐదారు శాతమేనని మార్కెట్ పరిశీలకులు లెక్కగట్టారు. ఆపిల్ లాంటి కంపెనీకి ఐదు శాతం కూడా లక్షల ఫోనులే, కానీ ఆ ఐదు శాతం కోసం వేరే తెర, వేరే బోర్డు, వేరే అచ్చులు చెయ్యాలి. మా భాషలో చెప్పాలంటే ఒక్క ఫ్లాటు కోసం వేరే సెంట్రింగు, అంటే కాంక్రీటు పొయ్యటానికి వేరే అచ్చు.

ఇప్పుడు 'కాంపాక్ట్' అని అమ్ముతున్నవాటిని నేను దుకాణంలో చేతిలో పట్టుకుని చూశాను. 2025లో మన దగ్గరికి వచ్చిన వన్‌ప్లస్ 13ఎస్ తెర 6.32 అంగుళాలు, వివో ఎక్స్200 ఎఫ్‌ఈ 6.31. శామ్‌సంగ్ ఎస్25 6.2 అంగుళాలతో వీటిలో కాస్త నయం, బరువు 162 గ్రాములే, కానీ వెడల్పు డెబ్బై మిల్లీమీటర్లు దాటింది. మూడింటిలోనూ నా బొటనవేలు అవతలి మూల దాకా పోలేదు. చక్కని ఫోనులే. చిన్నవి అనటానికి మాత్రం పక్కన ఇంకా పెద్దవి ఉండాలి. నిజంగా చిన్నవి కావాలంటే యూనిహెర్ట్జ్ జెల్లీ స్టార్ ఉంది, మూడు అంగుళాల తెర. అది అగ్గిపెట్టె. నేనడిగింది అగ్గిపెట్టె కాదు.

మడత ఫోను కొనమని సలహా ఇచ్చేవాళ్ళున్నారు. జేబులో చిన్నది, తెరిస్తే పెద్దది. తెరవటానికి రెండో చెయ్యి కావాలన్నది ఒక చిక్కు. అసలు చిక్కు దుమ్ము. శామ్‌సంగ్ జెడ్ ఫ్లిప్ 6 మీద ఉన్న రక్షణ గుర్తు ఐపీ 48. అందులో మొదటి అంకె 4 అంటే ఒక మిల్లీమీటరు కన్నా పెద్ద రేణువులనే ఆపుతుందని అర్థం. మేము సిమెంటును పరీక్షించే జల్లెడ కన్ను 90 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పదో వంతు కూడా లేదు. మంచి సిమెంటు ఆ జల్లెడలోంచి దాదాపు అంతా దిగిపోతుంది. అలాంటి చోట మడత బందు తెరిచి పెట్టే ధైర్యం నాకు లేదు. మినీకి ఐపీ 68, ఆ 6 అంటే దుమ్ము లోపలికి పోదని. దుమ్ము పట్టినప్పుడల్లా తడిగుడ్డతో తుడుస్తాను, ఇప్పటికీ స్పీకరు స్పష్టంగానే ఉంది.

ఒక చిన్న ఆశ మిగిలింది. సిలికాన్ కార్బన్ బ్యాటరీలు వచ్చాక అదే చోటులో ఎక్కువ శక్తి పడుతోంది. వన్‌ప్లస్ 13ఎస్‌లో 5,850 ఎంఏహెచ్ పెట్టగలిగారంటే అది ఆ చలవే. అలాంటి బ్యాటరీ 64 మిల్లీమీటర్ల ఫోనులో పెడితే నా పవర్ బ్యాంకు ఇంట్లోనే ఉండేది. సాంకేతికంగా అడ్డు లేదు. అడ్డల్లా సాయంత్రం కూర్చునే మనిషి, నేనూ అందులో ఒకణ్ణి అవుతున్నాను.

కొనమంటారా అని అడిగితే, ఇప్పుడు దొరికేవి పాతవే. తెర మార్చనిది చూసి తీసుకోండి, తీసుకున్న వెంటనే బ్యాటరీ కొత్తది వేయించండి. ఐఓఎస్ 26 దీనికి వచ్చింది, చురుగ్గానే నడుస్తోంది. ఆపిల్ ఇంటెలిజెన్స్ అనే ఏఐ సదుపాయం రాదు, దాని కోసం నేను ఎదురు చూడటమూ లేదు. వీడియోలు ఎక్కువ చూసేవాళ్ళు, ఇంట్లో వేరే తెర లేనివాళ్ళు, చార్జింగు పెట్టడం మరిచిపోయేవాళ్ళు దీని జోలికి రావద్దు. నలభై దాటినవాళ్ళు దుకాణంలో దీనిమీద ఒక తెలుగు వార్త అయిదు నిమిషాలు చదివి చూసుకోండి.

నేనయితే ఇంకో రెండేళ్ళు లాగుతాను. కళ్ళజోడు కొనుక్కున్నాను. దాని పెట్టె సరిగ్గా చొక్కా జేబులో ఫోను పక్కన పడుతుంది, పెద్ద ఫోను అయితే పట్టేది కాదు. నిచ్చెన ఎక్కాక ఫోను తియ్యటానికి ఒక చెయ్యి చాలు. కళ్ళజోడు పెట్టుకోవటానికే రెండో చెయ్యి వదలాల్సి వస్తోంది.